చేను ఆరబెట్టేది ఒకరు, సంతకం ఇంకొకరిది

సంక్రాంతి వెళ్ళిన వారంలో మా బాబాయి వాట్సాప్‌లో ఒక ఒప్పందం ఫొటోలు పంపించాడు. "కార్బన్ డబ్బులట, ఈ దాళ్వా నుంచే ఇస్తారట. సంతకం పెట్టమంటావా, వద్దా?" అని కింద మెసేజ్. దాళ్వా అంటే రబీలో వేసే రెండో వరి పంట. నా ఉద్యోగమే కంపెనీల ఒప్పందాలు చదవడం కాబట్టి ఇంట్లో ఎవరికి ఏ కాగితం వచ్చినా ముందు నా దగ్గరికి వస్తుంది. పదకొండు పేజీలు, అంతా ఇంగ్లీషే. వరి చేలో నీళ్ళు ఎప్పుడూ నిలవ ఉంచకుండా మధ్యమధ్యలో ఆరబెట్టాలి. దానివల్ల, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు ఎంత తగ్గిందో లెక్కగట్టి కంపెనీ కార్బన్ క్రెడిట్లు (అంత తగ్గిందని చెప్పే, టన్నుల లెక్కన అమ్మే పత్రాలు) పుట్టించి అమ్ముకుంటుంది. వచ్చినదాంట్లో రైతుకి వాటా.

పద్ధతి మంచిదే. నాకు దాని మీద ఏ అనుమానమూ లేదు. చేలో చిల్లుల పైపు పాతి, నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్ళీ తడి పెడితే దిగుబడి తగ్గదని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఎప్పటినుంచో చెబుతోంది. పూత సమయంలో మాత్రం నీళ్ళు నిలిపి ఉంచాలి. నీరు ఆదా అవుతుంది, గాలికీ మేలు. ఊరందరికీ, ఆ మాటకొస్తే లోకమందరికీ ఉపయోగపడే పని చేసినందుకు రైతుకి ఎవరో ఒకరు డబ్బివ్వాలనడం పూర్తిగా న్యాయం.

నాకు నచ్చనిది 'రైతు' అన్న మాట దగ్గర ఒప్పందం ఎవరిని నిలబెట్టిందనేది. పట్టాదారు పాస్‌పుస్తకంలో పేరున్న మనిషే అందులో రైతు. అంటే మా బాబాయి. ఆయన చేలోకి దిగి పదేళ్ళు దాటింది. ఆ మూడెకరాలూ కౌలుకి చేసేది అదే ఊళ్ళో ఇంకొకాయన. పైపులో నీటిమట్టం చూసేది, బోదెకి, అంటే చేలోకి నీళ్ళు తెచ్చే పిల్లకాలవకి, అడ్డం వేసి తీసేది, ఫొటోలు తీసి యాప్‌లో పెట్టేది ఆయనే. పదకొండు పేజీల్లో ఆయన ప్రస్తావన ఒక్కచోట వచ్చింది: 'భూమిలో పనిచేసే ఇతరులు నిబంధనలు పాటించేలా చూసే బాధ్యత రైతుదే' అని.

ఆయనకి ఫోన్ చేశాను. "మాదేముందండీ, చేసేది ఎలాగూ మేమేగా. అయ్యగారు సంతకం పెడితే మేం నీళ్ళు తీసేత్తాం. కాకపోతే బోదె చివర చేనండి మనది. పైవాళ్ళు వదిలితేనే వస్తాయి. ఆరబెట్టాక మళ్ళీ టైముకి నీళ్ళు రాకపోతే ఆ నష్టం ఎవరిత్తారండీ?" అన్నాడు.

పదకొండు పేజీల్లో ఆ ప్రశ్నకి జవాబు లేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒకటే. పర్యావరణానికి చేసే మేలుకి డబ్బిచ్చే ఒప్పందం ఆ పని చేసే మనిషితో జరగాలి. భూమిని అందులోకి లాగకూడదు.

కాగితం మీద లేని మనిషి

కంపెనీ వైపు నుంచి చూస్తే పట్టాదారు సంతకం అడగడంలో అర్థముంది. క్రెడిట్లు జారీ చేసే రిజిస్ట్రీలు 'ఈ తగ్గింపు మీద హక్కు మీదేనని రుజువేది?' అని అడుగుతాయి. పాస్‌పుస్తకం కాపీ చూపించడం తేలిక. నోటి మాట మీద నడిచే కౌలుకి రుజువు ఎక్కడ తెస్తారు?

రుజువు ఎందుకు లేదో గోదావరి జిల్లాల్లో ఎవరినడిగినా చెబుతారు. కౌలు రాసిస్తే కౌలుదారుకి హక్కు వచ్చేస్తుందని భూమి యజమాని భయం. ఆ భయం పోగొట్టడానికే ఉమ్మడి రాష్ట్రంలో 2011లో సాగుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో దాని స్థానంలో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. కార్డు గడువు 11 నెలలు, దానితో భూమి మీద ఏ హక్కూ రాదని చట్టంలోనే రాశారు. అయినా యజమాని సంతకం కావాలనేసరికి చాలామంది ఇవ్వరు.

ఇప్పుడు బాబాయికి వచ్చిన ఒప్పందం గడువు చూడండి: 20 ఏళ్ళు. పదకొండు నెలలకి మించి కాగితం మీద కనబడే వీలులేని మనిషి చేసే పనిని, ఇరవై ఏళ్ళపాటు ఇంకొకరు హామీ ఇవ్వాలి. వచ్చే ఏడాది కౌలుదారు మారితే? కొత్తాయన 'నాకు ఈ పైపుల గొడవ వద్దు' అంటే? బాబాయి ఒప్పందం తప్పినట్టే.

తప్పితే ఏమవుతుందో తొమ్మిదో పేజీలో ఉంది. అప్పటిదాకా ఇచ్చిన డబ్బంతా, దాంతోపాటు కంపెనీ నిర్ణయించిన 'ప్రాజెక్టు ఖర్చులూ' తిరిగి కట్టాలి. పొలం అమ్మితే కొనేవాడు కూడా ఈ ఒప్పందానికి కట్టుబడేలా రాయించాలి. వారసులకీ వర్తిస్తుంది. తగాదా వస్తే మధ్యవర్తిత్వం, అంటే కోర్టు బదులు ఒక ప్రైవేటు మధ్యవర్తి తీర్పు, అదీ వేరే రాష్ట్రంలోని నగరంలో.

దీనికెదురుగా వచ్చే డబ్బెంత? ఎకరాకి సీజన్‌కి ఒక టన్ను క్రెడిట్ వచ్చిందనుకుందాం, టన్ను 10 డాలర్లకి అమ్ముడుపోయిందనుకుందాం. అందులో సగం రైతుకిచ్చారనుకున్నా ఎకరాకి నాలుగొందల చిల్లర. మూడెకరాలకి సీజన్‌కి పదమూడొందలు. ఆ మాత్రం డబ్బు కోసం పొలం కాగితాల మీద ఇరవై ఏళ్ళ బంధం.

చట్టం ఎంతవరకు ఆదుకుంటుంది

మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిదైనా అందులో రైతుకి పనికొచ్చే సెక్షన్లు ఉన్నాయి. 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో ఎంత జరిమానా రాసుకున్నా కోర్టు సమంజసమైన పరిహారం వరకే ఇప్పిస్తుంది. ఒకవైపు బలమంతా ఉండి, రెండోవైపు సంతకం పెట్టడం తప్ప దారిలేని ఒప్పందాల్లో అన్యాయమైన షరతులు చెల్లవని సుప్రీంకోర్టు 1986లోనే, బ్రజోనాథ్ గంగూలీ కేసులో చెప్పింది. మధ్యవర్తిని ఒక పక్షం తన ఇష్టప్రకారం నియమించుకోవడం కుదరదని 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో చెప్పింది.

ఇవన్నీ నిజమే. కానీ పదమూడొందల తగాదాకి సుప్రీంకోర్టు తీర్పులు పట్టుకుని ఏ రైతు వెళతాడు? దావా వేయగలిగే స్తోమత కంపెనీకే ఉంటుంది. 2019లో గుజరాత్‌లో నలుగురు బంగాళాదుంప రైతుల మీద పెప్సికో ఒక్కొక్కరి నుంచి కోటి రూపాయల పైన కోరుతూ కేసు వేసింది. దేశమంతా గోల అయ్యాక వెనక్కి తీసుకుంది. అది విత్తన రకం మీద హక్కుల కేసు, ఇలాంటి ఒప్పందం కాదు. అయినా కోర్టు నోటీసు అందుకున్న రైతు ఇంట్లో టెన్షన్‌కి ఆ తేడా తెలియదు.

మనకి దగ్గరి ఉదాహరణ ఇంకొకటుంది. జాతీయ విత్తన సంస్థ అమ్మిన విత్తనాలు విఫలమైనప్పుడు ఆంధ్రప్రదేశ్ రైతులు వినియోగదారుల ఫోరానికి వెళ్ళారు. రైతు వినియోగదారుడేనని, ఒప్పందంలో మధ్యవర్తిత్వం రాసుకున్నా ఫోరానికి రావచ్చని 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. జిల్లా కేంద్రంలో, తక్కువ ఖర్చుతో, తెలుగులో చెప్పుకునే చోటు దొరకడం ఎంత పెద్ద విషయమో కేసు నడిపినవాళ్ళకి తెలుస్తుంది. కానీ కార్బన్ ఒప్పందంలో రైతు కొనేవాడు కాదు, అమ్మేవాడు. కాబట్టి ఆ తలుపు తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు. 2019 వినియోగదారుల చట్టంలో 'అన్యాయమైన ఒప్పందం' అన్న నిర్వచనం చేర్చారు గానీ అది వినియోగదారుడికే వర్తిస్తుంది. కంపెనీ రైతుకి ఒక సేవ అందిస్తోందని వాదించొచ్చు. నేనైతే అలాగే వాదిస్తాను. కానీ రైతుకి రక్షణ ఒక వాదన మీద వేలాడకూడదు.

2020లో వచ్చి 2021లో రద్దయిన సాగు ఒప్పందాల చట్టం గురించి ఒక మాట చెప్పాలి. ఆ చట్టాన్ని నేను సమర్థించలేదు, సివిల్ కోర్టు తలుపు మూసేసినందుకు ఇప్పటికీ సమర్థించను. కానీ అందులో 15వ సెక్షన్ మంచిది: రైతు కట్టాల్సిన బాకీ ఏదైనా సరే, దాని కోసం అతని పొలం మీద చర్య తీసుకోకూడదు. చట్టంతో పాటు అదీ పోయింది. కేంద్ర వ్యవసాయ శాఖ 2024 జనవరిలో వ్యవసాయంలో స్వచ్ఛంద కార్బన్ మార్కెట్ కోసం ఒక మార్గదర్శక పత్రం విడుదల చేసింది. రైతుల్ని ఈ మార్కెట్‌కి దగ్గర చేయాలన్న ఉద్దేశం మంచిదే. కానీ మార్గదర్శకాలు చూపించి కోర్టులో జప్తు ఆపలేం.

బోదె చివరి చేను

కౌలుదారు అడిగిన ప్రశ్న దగ్గరికి వద్దాం. బోరు కింద చేనైతే ఎప్పుడు తడి పెట్టాలో రైతు చేతిలో ఉంటుంది, కరెంటు ఉన్నంతవరకు. కాలవ కింద అలా కాదు. ఎగువ చేలోంచి దిగువ చేలోకి నీరు పారే చోట మధ్యలో ఒకాయన 'నేను ఆరబెడుతున్నాను' అంటే కుదరదు. పక్కచేలో నీళ్ళు గట్టు కింద నుంచి ఊరుతూనే ఉంటాయి. వంతుల వారీగా నీరొదిలే దాళ్వాలో ఆరబెట్టాక వంతు తప్పిందంటే చేను నెర్రెలిస్తుంది.

అంటే ఇక్కడ ఒక రైతు విడిగా ఇవ్వగలిగిన హామీయే లేదు. అసాధ్యమైన పనికి సంబంధించిన ఒప్పందం చెల్లదని 56వ సెక్షన్ చెబుతుంది గానీ, కష్టమవడం వేరు, అసాధ్యమవడం వేరు అంటాయి కోర్టులు. సరైన పద్ధతి ఏమిటంటే ఒక బోదె కింద అందరితో కలిపి ఒప్పందం చేసుకోవడం, నీరొదిలే వాళ్ళని కూడా అందులో పక్షంగా చేర్చడం. 1997 చట్టం కింద ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలు మనకున్నాయి. ఆ చట్టం తెచ్చినప్పుడు దేశమంతా మనవైపు చూసింది. సంఘానికి తన వంతు ఎప్పుడో ముందుగా రాతపూర్వకంగా చెప్పి, వంతు తప్పితే ఆ సీజన్‌కి రైతుల మీద ఏ బాధ్యతా ఉండదని రాస్తే కౌలుదారు ప్రశ్నకి జవాబు దొరుకుతుంది.

చెట్టు సంగతి వేరు కదా అంటారు

నా వాదనకి ఎదురయ్యే గట్టి అభ్యంతరం ఇది. కార్బన్ నిలిచి ఉండకపోతే ఆ క్రెడిట్‌కి అర్థం లేదు. ఈ ఏడాది చెట్టు పెంచి, వచ్చే ఏడాది కొట్టేస్తే కొన్నవాడు మోసపోయినట్టే. మనిషితో చేసిన చిన్న ఒప్పందం మనిషి వెళ్ళిపోగానే ముగుస్తుంది. భూమిని కట్టిపడేస్తేనే మేలు నిలుస్తుంది.

ఇంగ్లండ్ ఆ దారిలో ఒక చట్టమే చేసింది. 2021 పర్యావరణ చట్టం ప్రకారం భూమి యజమాని ప్రకృతి పరిరక్షణ కోసం రాసిచ్చే మాట ఆ భూమితోపాటే నడుస్తుంది. ఎవరు కొన్నా పాటించాలి. కౌలుదారు అలా రాసివ్వాలంటే అతని కౌలు ఏడేళ్ళకి మించి ఉండాలి. అడవి, చిత్తడి నేల, శతాబ్దాల పచ్చిక లాంటివాటికి ఇది సబబే అనిపిస్తుంది నాకు.

కానీ అదే ఇంగ్లండ్ మామూలు సాగు పనుల కోసం పెట్టిన పథకంలో ఇంకో దారి తొక్కింది. అక్కడ ఒప్పందం మూడేళ్ళు. భూమిని నడిపించేది తానే అయితే కౌలు రైతు యజమాని అనుమతి లేకుండానే చేరవచ్చు. మధ్యలో కౌలు పోతే జరిమానా లేకుండా బయటపడొచ్చు. అమెరికాలో 1985 నుంచి నడుస్తున్న భూ సంరక్షణ పథకంలో 10 నుంచి 15 ఏళ్ళ ఒప్పందాలున్నాయి. పథకంలో చేర్చడం కోసం కౌలుదారుని ఖాళీ చేయించకూడదన్న నియమమూ ఉంది. అంటే మనకంటే ముందు ఈ దారిలో నడిచినవాళ్ళు కౌలుదారు సంగతి ఆలోచించారు.

వరి మీథేన్‌కీ చెట్టుకీ ఉన్న తేడా ఇక్కడే. ఈ దాళ్వాలో వెలువడని మీథేన్ వెలువడనట్టే. వచ్చే దాళ్వాలో చేను నిండా నీళ్ళు పెట్టినా ఈ ఏడాది మేలు వెనక్కి పోదు. కాబట్టి వరికి సీజన్ ఒప్పందం చాలు. 'ఈ పంటకి ఇన్నిసార్లు ఆరబెట్టాను, ఇదిగో డబ్బు' అనే లెక్క. ఇరవై ఏళ్ళ షరతు కంపెనీ వ్యాపారానికి కావాలేమో గానీ, గాలికి దాంతో పనిలేదు. చెట్లు, నేలలో సేంద్రియ కార్బన్ లాంటివి వచ్చినప్పుడు యజమాని కూడా కూర్చోవాలి, ఎక్కువ కాలం రాసుకోవాలి, అందుకు తగ్గ ధర వేరుగా ఇవ్వాలి. రెండిటినీ ఒకే నమూనా కాగితంలో కుక్కడం వల్లే మా బాబాయి లాంటివాళ్ళ పొలాలు అనవసరంగా ఇరుక్కుంటున్నాయి.

పైగా ఆ ఇరవై ఏళ్ళూ కంపెనీ మాత్రం నిలబడుతుందా? 2024 ఆగస్టులో వెర్రా అనే రిజిస్ట్రీ చైనాలోని 37 వరి మీథేన్ ప్రాజెక్టుల్ని తిరస్కరించింది. లెక్క సరిగ్గా లేదని పైన ఎవరో కొట్టేస్తే కింద చేను ఆరబెట్టిన మనిషికి డబ్బు వస్తుందా? నేను చదివిన ఒప్పందం ప్రకారం రాదు. క్రెడిట్ అమ్ముడైతేనే వాటా. పని రైతుది, మార్కెట్ రిస్క్ కూడా రైతుదే.

ఆదిలాబాద్‌లో ఒకసారి జరిగింది

మన నేల మీద ఇందుకు భిన్నంగా జరిగిన ఒక అమ్మకం గుర్తుచేయాలి. అప్పటి ఆదిలాబాద్ జిల్లా జైనూరు మండలంలోని పవర్‌గూడ అనే గిరిజన గూడెంలో మహిళా సంఘం కానుగ గింజల నుంచి నూనె తీసింది. డీజిల్ బదులు ఆ నూనె వాడడం వల్ల పదేళ్ళలో తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కి 2003లో ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు చెల్లించింది. చిన్న మొత్తమే. కానీ అమ్మింది పని చేసినవాళ్ళు. పరిమాణం తెలుసు, ధర తెలుసు, డబ్బు ముందే చేతికొచ్చింది.

ఏజెన్సీ, అంటే గిరిజన ప్రాంతం, అన్నాక ఇంకో ప్రశ్న రావాలి. 1/70 నిబంధన గిరిజన ప్రాంతంలో భూమి గిరిజనేతరులకి బదిలీ కాకూడదంటుంది. ప్రైవేటు కంపెనీకి లీజు ఇవ్వడమూ బదిలీయేనని 1997లో సుప్రీంకోర్టు సమతా తీర్పు తేల్చింది. అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా వారసులకి వెళుతుంది గానీ అమ్మడానికి లేదు. అలాంటి భూమిలో చెట్లు పీల్చిన కార్బన్ మీద సర్వహక్కులూ ఇరవై ఏళ్ళకి ఒక కంపెనీకి రాసిస్తే అది భూమిలో హక్కు బదిలీ అవుతుందా, కాదా? నా దృష్టిలో, కొట్టకూడదు, వేరే పంట వేయకూడదు అనే షరతులు అందులో ఉంటే అవుతుంది. అక్కడ కూడా పనికి డబ్బిచ్చే ఒప్పందమైతే ఈ చిక్కే రాదు.

పన్ను సంగతీ ఇలాగే తేలకుండా ఉంది. హర్యానాలోని సుఖోమాజ్రి గ్రామం కొండ మీద మేత మాని, సుఖ్నా సరస్సులోకి మట్టి రాకుండా కాపాడింది. తిరిగి పెరిగిన గడ్డి మీద ఊరికి ఆదాయం వస్తే దాని మీద ఆదాయపు పన్ను వేశారు. మరోవైపు మన హైకోర్టు 2014లో మై హోమ్ పవర్ కేసులో కార్బన్ క్రెడిట్ డబ్బు వ్యాపార లాభం కాదు, పర్యావరణం మీద శ్రద్ధ నుంచి వచ్చిందని, అది మూలధనం కిందికి వస్తుంది కాబట్టి పన్ను పడదని చెప్పింది. 2017లో కార్బన్ క్రెడిట్ల ఆదాయం మీద 10 శాతం పన్ను పెడుతూ చట్టం మార్చారు. వరి చేలోంచే వచ్చిన ఈ డబ్బు వ్యవసాయ ఆదాయమని రాసేస్తే గొడవ ఉండదు.

కౌలు పెంచేస్తే?

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే సందేహం ఇంకొకటుంది. డబ్బు కౌలుదారు చేతికే వెళ్ళిందనుకుందాం. యజమాని ఊరుకుంటాడా? 'నీకు కార్బన్ డబ్బులొస్తున్నాయిగా, ఇంకో అర బస్తా పెంచు' అంటాడు. కాదంటే ఇంకొకరికిస్తాడు. 2018లో తెలంగాణ రైతుబంధు మొదలైనప్పుడు డబ్బు పట్టాదారుకే వెళ్ళింది, ఆ మేరకు కౌలు తగ్గించిన యజమానులు నాకు తెలిసి లేరు. ఇక్కడ చెక్కు మీద పేరు మార్చినంత మాత్రాన డబ్బు చివరికి ఎవరి జేబులోకి వెళుతుందో మారదని అర్థశాస్త్రం చదివిన నా స్నేహితుడొకడు వాదించాడు.

వాడి మాటలో బలముంది. కొంత డబ్బు కౌలు రూపంలో పైకి వెళ్ళిపోతుంది, చట్టం దాన్ని పూర్తిగా ఆపలేదు. కానీ ఒప్పందంలో పక్షం కావడం అంటే డబ్బొక్కటే కాదు. నీళ్ళు రాకపోతే నష్టం అడిగే హక్కు పక్షానికే ఉంటుంది. ఎన్ని క్రెడిట్లు పుట్టాయో, ఎంతకి అమ్మారో లెక్క చూపించమనే హక్కూ పక్షానిదే. రేపు పంట నష్టం అంచనా వేసేటప్పుడు, బ్యాంకులో అప్పు అడిగేటప్పుడు 'ఈ సీజన్ ఈ చేను చేసింది నేనే' అని చూపించడానికి ఒక కాగితం ఉంటుంది. సరిగ్గా ఆ కాగితానికే యజమానులు భయపడతారని నాకు తెలుసు. అందుకే సీజన్ ఒప్పందం అంటున్నాను. కౌలు హక్కుకి ఇది సాక్ష్యం కాదని, 2019 చట్టంలో కార్డుకి రాసినట్టే దీనికీ రాయాలి.

ఇన్ని షరతులు పెడితే కంపెనీలు రావు అంటారు కొందరు. ఇరవై ఏళ్ళ హక్కులు ఊరికే దొరకవని తెలిస్తే రాని కంపెనీ రాకపోతేనే నయం. పనికి ముందే ధర చెప్పి, పంట చివర డబ్బిచ్చి, లెక్క చూపించగలిగేవాళ్ళకి ఒక పేజీ తెలుగు కాగితం సరిపోతుంది.

ఇది చేయడానికి ఢిల్లీ కోసం ఎదురుచూడక్కర్లేదు. రాజ్యాంగంలో ఒప్పందాలు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి, కానీ వ్యవసాయ భూమికి సంబంధించిన ఒప్పందాల్ని అక్కడే మినహాయించారు. వ్యవసాయం, నీరు, భూమి మూడూ రాష్ట్రాల జాబితాలోవి. రెండు రాష్ట్రాల్లో ఏ అసెంబ్లీ అయినా ఒక చిన్న చట్టం చేయవచ్చు: సాగు చేసేవారే పక్షం, వరికి గడువు ఒక పంటకాలం, బాకీకి పొలం జోలికి రాకూడదు, తగాదా ఆ జిల్లాలోనే, ఒప్పందం తెలుగులో, నీరు రాకపోతే బాధ్యత లేదు. ఆంధ్రప్రదేశ్‌లో అయితే కొత్త చట్టం కూడా అక్కర్లేదు, 2019 చట్టానికి ఒక అధ్యాయం కలిపితే చాలు. కార్డు ఇచ్చేటప్పుడు యజమాని సంతకం తప్పనిసరి అన్న నిబంధనని ముందు సడలించాలి. అది సడలకపోతే ఈ అధ్యాయం కూడా పాస్‌పుస్తకం ఉన్నవాళ్ళకే పనికొస్తుంది.